ఒక నౌకాసేనాపతి చిత్రపటం

నీవా నది ఒడ్డున, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో, ఒకనాడు రష్యా చక్రవర్తులు చలికాలం గడిపిన రాజభవనం ఉన్నది. నేడు అది ఎర్మితాజ్ అనే పేరుతో లోకప్రసిద్ధమైన చిత్రశాలలో భాగం. అక్కడి తైలవర్ణ చిత్రాలలో, పందొమ్మిదవ శతాబ్ది మూడవ దశకంలో వ్రాసిన ఒక వృద్ధుని రూపచిత్రం కలదు. నెరసిన తల, ముడుతలు పడినా బిగువు సడలని ముఖం, ఉద్యోగ దుస్తులు, వక్షఃస్థలం మీద ప్రభువు ప్రసాదించిన గౌరవ చిహ్నాలు. ఆ వృద్ధుడు రష్యా నౌకాదళంలో అడ్మిరల్ హోదా పొందిన అలెగ్జాండర్ సెమ్యోనొవిచ్ షిష్కోవ్. చిత్రకారుడు జార్జ్ డా అనే ఆంగ్లేయుడు.

నౌకాసేనాపతి చిత్రం అనగానే మన మనస్సులో ఏదో ఒక జలయుద్ధం మెదలుతుంది. తుపాకిమందు పొగ, చినిగిన తెరచాపలు, మునిగిపోతున్న శత్రునౌకలు ఊహకు వస్తాయి. ఈ చిత్రం విషయంలో ఆ ఊహలన్నీ వ్యర్థం. షిష్కోవ్ పేరును రష్యనులు నేటికీ తలచుకొంటున్నది ఆయన సముద్రం మీద సాధించిన విజయాల వలన కాదు, మాటలకోసం సాగించిన యుద్ధం వలన. దేశభాషలోనికి పరభాషా పదాలను రానీయవచ్చునా? పాత పుస్తకాల భాష గొప్పదా, నేటివారి నోటి భాష గొప్పదా? ఆయన నలభై యేండ్లపాటు ఈ ప్రశ్నలతోనే కాపురం చేశారు. మైక్రోఫోను ముందు కూర్చుండి దినదినమూ ఇవే ప్రశ్నలతో కుస్తీపట్టే మావంటి వారికి ఈ ముఖం పరాయిదిగా తోచదు. అందుచేతనే ఈ ప్రసంగానికి ఈ చిత్రాన్ని ఎన్నుకొన్నాము.

ముందుగా చిత్రకారుని గూర్చి రెండు మాటలు. 1781లో లండన్‌లో జన్మించిన జార్జ్ డా, రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ ఆహ్వానం మీద 1819లో పీటర్స్‌బర్గ్ చేరుకొన్నారు. నెపోలియన్‌తో జరిగిన యుద్ధాలలో పాల్గొన్న రష్యన్ సేనానుల రూపచిత్రాలన్నిటిని ఒకేచోట ఉంచాలని చక్రవర్తి సంకల్పం. ఆ పని సుమారు పది సంవత్సరాలు సాగినది. శీతకాలపు రాజభవనంలో 1826 డిసెంబరులో ఆరంభమైన ఆ యుద్ధచిత్రశాలలో నేడు 332 చిత్రాలు గోడల నిండ కనబడతాయి. పదమూడు చట్రాలలో మాత్రం చిత్రాలు లేవు. పట్టుగుడ్డ, దాని క్రింద ఒక పేరు, అంతే. ఆ సేనానుల రూపం చిత్రకారునికి లభింపలేదు.

ఇన్ని చిత్రాలు ఒక్కని చేతికి సాధ్యమయ్యే పని కాదు. డాకు ఇద్దరు సహాయకులు ఉండేవారు. ఒకరు వాసిలీ గోలికె. రెండవ వారు అలెగ్జాండర్ పల్యకోవ్. ఈ పల్యకోవ్ స్వతంత్రుడు కాడు. ఒక సేనాని సొత్తుగా లెక్కకు వచ్చే దాసుడు. భూమితో పాటు మనుష్యులను కూడ అమ్ముకొనే హక్కు ప్రభువులకు ఉన్న కాలమది. సేనానుల వీరత్వాన్ని పటాలమీద నిలిపిన చేతులలో ఒకటి, తన యజమాని అనుమతి లేనిదే ఊరు దాటలేని దాసుని చేయి. 1833లో గాని ఆయనకు దాస్యవిముక్తి లభింపలేదు. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకోవాలని మా మనవి. షిష్కోవ్ కథ చివర దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

షిష్కోవ్ 1754లో జన్మించారు. నౌకాదళ విద్యాలయంలో చదివి, పదునెనిమిదవ యేట అధికారిగా వెలువడ్డారు. అంతకు ముందు సంవత్సరమే, విద్యార్థిగా ఎక్కిన ఓడ స్వీడన్ తీరాన భగ్నమై, చావును దగ్గరగా చూచి వచ్చారు. 1776 మొదలు మూడేండ్లపాటు ఐరోపాఖండాన్ని చుట్టి మధ్యధరాసముద్రంలో సంచరించారు. ఇటలీ, గ్రీసు, తురుష్క దేశాలను చూచారు. ఆ యాత్రలో ఆయన మనస్సులో నాటుకొన్న ఒక దృశ్యాన్ని తరువాత తన జ్ఞాపకాలలో చెప్పుకొన్నారు. గ్రీకు తీరాన క్రైస్తవుల చిన్న చిన్న ప్రార్థనాలయాల గోడలమీద, పటాలమీద, అక్కడికి వచ్చిపోయిన ఫ్రెంచివారు తమ భాషలో అసభ్యమైన వ్రాతలు వ్రాసి పోయారట. తురుష్కులు కూడ చేయని పనిని నాగరికులమని చెప్పుకొనేవారు చేశారే అని ఆ యువకుడు మండిపడ్డారు. ఫ్రెంచి నాగరికతమీద ఆయనకు జీవితాంతం మిగిలిన ఏవగింపునకు మూలం కొంతవరకు ఆ గోడలమీద వెదకవచ్చును.

తిరిగివచ్చిన తరువాత నౌకాదళ విద్యాలయంలో యుద్ధవ్యూహ శాస్త్రం బోధించారు. 1788లో స్వీడన్‌తో మొదలైన యుద్ధంలో పాల్గొన్నారు. కాని ఆయన చేతికి కత్తికంటె కలమే ఎక్కువగా అలవాటు పడినది. జర్మన్ భాషనుండి పిల్లల కథలు, నీతులు అనువదించి ప్రకటించిన పుస్తకంతో ఆ కాలపు రష్యన్ బాలబాలికలు ఎందరో చదువు నేర్చారు. 1795లో ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్ భాషలలో నౌకాశాస్త్ర పదాల నిఘంటువు ఒకటి కూర్చారు. మరుసటి సంవత్సరం రష్యన్ అకాడమీలో సభ్యత్వం లభించినది.

ఆ నిఘంటువు కూర్చేటప్పుడే ఆయనకు తన వృత్తిలోని విచిత్రం బోధపడి ఉంటుంది. రష్యా నౌకాదళాన్ని సృష్టించినది పీటర్ చక్రవర్తి. ఆయన హాలెండు వెళ్ళి స్వయంగా గొడ్డలి పట్టి ఓడల నిర్మాణం నేర్చుకొన్నారు. ఓడలతోపాటు ఓడల భాష కూడ దేశంలోనికి దిగుమతి ఐనది. తెరచాపకొయ్య పేరు, జెండా పేరు, కళాసి పేరు డచ్చి వారివి. ఇక ‘అడ్మిరల్’ అనే మాట ఐరోపాదే కాదు. అది అరబ్బుల ‘అమీర్’ శబ్దం. ఉర్దూ మూలంగా మన తెలుగువారికి ‘అమీరు’గా ఏనాడో పరిచితమైనది. పరభాషా పదాలమీద కత్తికట్టిన ఈ యోధుని భుజకీర్తులే ఒక పరభాషా పదాన్ని మోస్తున్నవి!

ఆ కాలపు పీటర్స్‌బర్గ్ నగరంలో గొప్పింటివారు ఇంటిలో మాట్లాడుకొన్నది ఫ్రెంచి. ఉత్తరాలు వ్రాసుకొన్నది ఫ్రెంచి. బిడ్డకు జోలపాడే దాది రష్యన్ భాష నేర్పేది; తరువాత వచ్చిన ఫ్రెంచి గురువు దానిని మరపించేవాడు. ఇక రష్యన్ భాషలో వ్రాయదలచినవారికి పెద్ద చిక్కు వచ్చిపడేది. సున్నితమైన భావాలను చెప్పడానికి మాటలు ఏవి? పుస్తకభాషకు వెనుక నిలిచినది చర్చిలో వినిపించే ప్రాచీన స్లావ్ భాష. అది గంభీరమైనది, కాని పూలతోటలో ప్రియురాలితో మాట్లాడడానికి పనికివచ్చేది కాదు. నికొలాయ్ కరమ్‌జిన్ అనే రచయిత దీనికి ఒక మార్గం చూపారు. చదువుకొన్న స్త్రీపురుషులు మాట్లాడుకొనే తీరులో వ్రాయాలి, మాటలు చాలనప్పుడు ఫ్రెంచి మాటల అచ్చులో రష్యన్ మాటలు పోతపోయాలి అన్నారు. ఆయన కథలు చదివి ఒక తరమంతా కన్నీరు కార్చినది.

1803లో షిష్కోవ్ ‘రష్యన్ భాషలో పాత శైలి, కొత్త శైలి’ అనే విషయంమీద ఒక గ్రంథం ప్రకటించారు. అది ఫిరంగి మ్రోతవలె వినిపించినది. కరమ్‌జిన్ శిష్యుల వాక్యాలను ఒక్కొక్కదానిని విప్పి, ఇది రష్యన్ వేషం వేసిన ఫ్రెంచి అని నిరూపించడానికి పూనుకొన్నారు. ఉదాహరణకు, ‘ప్రభావం’ అనే అర్థంలో నేడు రష్యనులు వాడే ‘వ్లియానియె’ అనే మాట తీసుకొందాము. ఫ్రెంచి మాటను చూచి, ‘లోనికి పోయుట’ అనే ధాతువునుండి దానిని తయారుచేశారు. లోనికి పోసేది దేనిలోనికో పోస్తాముగాని దేనిమీదనో ఎట్లా పోస్తాము, ‘ఒకరిమీద ప్రభావం’ అని వాడడం రష్యన్ నుడికారమేనా అని షిష్కోవ్ అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని భాష న్యాయస్థానం కాదు. ఆ మాట నిలిచిపోయినది. ‘వికాసం’ అనడానికి, ‘హృదయాన్ని తాకే’ అనడానికి ఆనాడు అట్లే పుట్టిన మాటలు కూడ నేడు రష్యన్ పల్లెవాసి నోట వినబడుతున్నవి. వాటి పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరు.

షిష్కోవ్ వాదంలో బలమూ ఉన్నది, బలహీనతా ఉన్నది. తాతలనాటి గ్రంథాలు చదవనివాడు తన భాష బీదదని అనుకొంటాడు. ఇంటిలోని పాతరను త్రవ్వి చూడకుండా పొరుగింటికి అప్పుకు పోతాడు అని ఆయన చెప్పినదానికి తిరుగులేదు. ప్రాచీన స్లావ్ భాష, రష్యన్ భాష రెండూ ఒకటేనని అనడం మాత్రం పొరపాటు. అవి దగ్గరి చుట్టాలేగాని ఒకే మనిషి కావు. ఈ సంగతిని 1820లో అలెగ్జాండర్ వొస్తోకోవ్ అనే భాషావేత్త శాస్త్రసమ్మతంగా నిరూపించారు. ధ్వని పోలికలనుబట్టి షిష్కోవ్ ఊహించిన వ్యుత్పత్తులలో చాల భాగం ఆనాడే నవ్వులపాలైనవి.

నవ్వులు నిజంగానే చెలరేగినవి. 1811లో షిష్కోవ్, మహాకవి దెర్జావిన్ కలిసి ‘రష్యన్ వాక్కును ప్రేమించేవారి గోష్ఠి’ అనే అర్థంగల సంఘాన్ని స్థాపించారు. ఫోంతాంకా కాలువ ఒడ్డున దెర్జావిన్ భవనంలో సభలు. ఉద్యోగ దుస్తులలో వృద్ధులు, అలంకరించుకొని వచ్చిన స్త్రీలు, దీర్ఘమైన ప్రసంగాలు. దీనికి పోటీగా 1815లో యువకులు ‘అర్జమాస్’ అనే పేరుతో ఒక మిత్రమండలిని లేవదీశారు. కవి జుకోవ్‌స్కీ దానికి ప్రాణం. పదహారేండ్ల పుష్కిన్ దానికి అభిమాని, తరువాత సభ్యుడు. గోష్ఠి సభ్యులు బ్రతికియుండగానే వారికి చరమశ్లోకాలు చెప్పడం, ఆ పైన కాల్చిన బాతు విందు ఆరగించడం వీరి కార్యక్రమం. వానబురదలో తొడుక్కొనే జోళ్ళకు ‘తడి నడకలు’ అనే అర్థం వచ్చేట్లు ‘మోక్రొస్తూపి’ అనే పేరును షిష్కోవ్ పెట్టారని పరిహాసకులు ప్రచారం చేశారు. ఇటువంటి మాటలతో కూర్చిన ఎగతాళి వాక్యాలు ఈనాటికీ రష్యనులకు కంఠస్థం. మనిషి చేసిన పనికంటె అతనిపై కట్టిన హాస్యమే ఎక్కువకాలం బ్రతకడం ఒక్క రష్యా దేశంలోనే జరిగేది కాదు.

కాని ఆ నవ్వులకు నడుమ ఒక సంవత్సరం వచ్చినది. ఎవరూ నవ్వని సంవత్సరం. 1812.

నెపోలియన్ దండెత్తి రానున్నాడని తెలిసిన ఆ వసంతంలో, మొదటి అలెగ్జాండర్ తన మంత్రి స్పెరాన్‌స్కీని తొలగించి, ఏబదియెనిమిదేండ్ల షిష్కోవును పిలిపించి రాజ్య కార్యదర్శిగా నియమించారు. అంతకు కొన్ని నెలల ముందు ‘స్వదేశ ప్రేమ’ను గూర్చి షిష్కోవ్ గోష్ఠిలో చదివిన ప్రసంగం చక్రవర్తి దృష్టికి వచ్చినది. ఇక మీద చక్రవర్తి పేర ప్రజలకు, సేనలకు వెలువడే ప్రకటనలన్నీ ఈ నావికుని కలంనుండి వెలువడవలసి వచ్చినవి. ఒక్క శత్రుసైనికుడు తన రాజ్యంలో మిగిలియున్నంతవరకు కత్తి దింపనని చక్రవర్తి చేసిన ప్రతిజ్ఞ, మాస్కో నగరం శత్రువుల పాలైనదని దేశానికి చెప్పవలసివచ్చిన ప్రకటన, రెండూ ఆయన రచనలే. సైన్యంతో కలిసి తిరుగుతూ సేనానులకు అడ్డు తగులుతున్న చక్రవర్తిని, రాజధానికి మరలిపొమ్మని లిఖితపూర్వకంగా అర్థించిన ముగ్గురిలో ఆయన ఒకరు. నిరంకుశ ప్రభువుతో అట్టి మాట అనడానికి తుపాకిగుండ్ల ముందు నిలవడంకంటె ఎక్కువ ధైర్యం కావాలి.

ఇక్కడ, రేడియోలో పనిచేసేవారుగా మాకు ఒక విషయం తోస్తుంది. ఆ ప్రకటనలను చర్చిలలో జనసమూహాలకు చదివి వినిపించేవారు. వినేవారిలో అత్యధికులు అక్షరం రానివారు. అవి కంటికోసం వ్రాసినవి కావు, చెవికోసం వ్రాసినవి. పీటర్స్‌బర్గ్ విందుశాలలలో ఏ ప్రాచీన స్లావ్ పదాలను విని యువకులు నవ్వారో, ఆ పదాలనే ప్రతి ఆదివారమూ ప్రార్థనలో వింటూ పెరిగిన పల్లెజనం లేచి నిలుచున్నారు. ఆ భాష వారు మాట్లాడే భాష కాదు. కాని వారు చిన్ననాటినుండి వింటూ వచ్చిన భాష. దుఃఖం వచ్చినప్పుడు, పెండ్లి జరిగినప్పుడు, బిడ్డకు పేరు పెట్టినప్పుడు వారి చెవిన పడిన భాష. నవ్వినవారిలో కొందరు సేనలో చేరి, ఆ ప్రకటనలను తామూ తలవంచి విన్నారు. మాట పాతదా కొత్తదా అన్నది కాదు, ఎవరికి, ఏ సమయంలో, ఏ గొంతుతో చెప్పుతున్నామన్నదే ముఖ్యమని ఆ సంవత్సరం నిరూపించినది.

కథ ఇక్కడ ముగిసినట్లయితే డా వ్రాసిన చిత్రం ఒక వీరుని చిత్రంగా మిగిలియుండేది. కాని షిష్కోవ్ మరి ముప్పది సంవత్సరాలు బ్రతికారు. 1813లో రష్యన్ అకాడమీకి అధ్యక్షులైనారు. 1824లో, డెబ్బదియవ పడిలో, విద్యామంత్రి పదవి వచ్చినది. ఆ పదవిలో ఆయన వెలిబుచ్చిన ఒక అభిప్రాయాన్ని చరిత్ర మరువలేదు. ప్రజలందరికీ, లేదా వారిలో మితిమించిన సంఖ్యకు, చదువను వ్రాయను నేర్పడం మేలుకంటె ఎక్కువ కీడే చేస్తుందని ఆయన అన్నారు. 1826లో ఆయన ప్రోద్బలంతో వెలువడిన గ్రంథ పరిశీలన శాసనం ఎంత కఠినమైనదంటే, దానికి ‘పోత ఇనుప శాసనం’ అని పేరు పడినది. అచ్చుకు వచ్చే ప్రతి వాక్యంలోను దాగియున్న ద్రోహాన్ని వెదకే అధికారం పరిశీలకులకు దఖలు పడినది. ప్రభుత్వానికే అది భరింపరానిదై, 1828లో దాని స్థానంలో మరొక శాసనం తెచ్చారు. షిష్కోవ్ మంత్రిపదవి కూడ ఆ సంవత్సరమే ముగిసినది.

డా చిత్రించినది ఈ సంవత్సరాల షిష్కోవును. చిత్రం 1827 నాటిది. ఆ ముఖంలోని బిగువు 1812 నాటి ధైర్యానికి మిగిలిన గురుతా, లేక ఇనుప శాసనపు నీడా? రెండూ ఒకే ముఖం.

మమ్ములను బాధించే ప్రశ్న ఇది. ఏ జనులు తన మాటలు విని దేశాన్ని నిలబెట్టారో, ఆ జనులకు అక్షరాలు నేర్పరాదని ఆ మనిషే ఎట్లా అనగలిగారు? వినడానికి తగినవారు చదవడానికి తగరా? భాషను ఆయన ప్రేమించిన మాట నిజం. అందులో కపటం లేదు. కాని ఆయన ప్రేమించిన భాష గ్రంథాలయంలోనిది, దేవాలయంలోనిది, పూర్వులది. దానిని రేపు చేతపట్టుకోబోయే రైతుబిడ్డను చూచి ఆయన భయపడ్డారు. పరాయి మాటలకు తలుపు మూయడానికి లేచిన చేయి, కొంతకాలానికి సొంత మనుష్యులకు కూడ తలుపు మూసినది. ఆ కాలంలోనే, ఆయన చిత్రం వ్రాసిన చిత్రకారుని కార్యశాలలో, పల్యకోవ్ అనే దాసుడు రంగులు నూరుతూ, సేనానుల పతకాలకు మెరుగులు దిద్దుతూ ఉన్నాడు. చదువు దొరికితే దాసుని చేయి ఏమి చేయగలదో చూడడానికి మంత్రిగారు ఎంతో దూరం పోనక్కరలేదు.

అయినా ఆయనను ఒక్క మాటతో తీసివేయడం న్యాయం కాదు. 1825 డిసెంబరులో తిరుగుబాటు చేసిన యువ సైనికాధికారుల విచారణ జరిపిన ఉన్నత న్యాయస్థానంలో సభ్యులుగా కూర్చున్నప్పుడు, శిక్షలు తగ్గించవలెనని ఆయన గొంతెత్తారు. తన ప్రత్యర్థి కరమ్‌జిన్ రష్యా చరిత్రను వ్రాసి ప్రకటించగానే, 1818లో ఆయనను అకాడమీ సభ్యునిగా ఆహ్వానించినది షిష్కోవ్ అధ్యక్షతలోని అకాడమీయే. ఆ చరిత్రలో కరమ్‌జిన్ శైలి తన యౌవనపు సుకుమారాన్ని వదలి, పాత చరిత్ర గ్రంథాల గాంభీర్యం వైపు మరలినది. ప్రత్యర్థినుండి ఏమీ నేర్వలేదని ఎవరూ అనలేరు. పుష్కిన్ కూడ, షిష్కోవ్ మంత్రి ఐనప్పుడు ఒక పద్యలేఖలో ఆ వృద్ధుని గౌరవంతో తలచుకొన్నారు. తన ప్రసిద్ధ పద్యకావ్యంలో ఒక ఫ్రెంచి మాటకు రష్యన్ మాట దొరకలేదని ఆయనను ఆటపట్టిస్తూ క్షమాపణ కూడ కోరారు. 1833లో పుష్కిన్ సైతం అకాడమీ సభ్యులైనారు. పుష్కిన్ భాషలో వంటింటి మాట, చర్చిలోని మాట, ఫ్రెంచినుండి వచ్చిన మాట ఒకే పంక్తిని కూర్చుండి భోజనం చేస్తాయి. ఎవరు గెలిచారన్న ప్రశ్నకు అదే సమాధానం. వాదించినవారిలో ఎవరూ గెలువలేదు, భాష గెలిచినది.

షిష్కోవ్ ఇంటిలో కూడ ఆయన సిద్ధాంతం గెలువలేదు. మొదటి భార్య దార్యా, రష్యన్ కొలువులో చేరిన డచ్చి నావికాధికారి వంశంలోనిది, లూథర్ మతస్థురాలు. రెండవ భార్య యూలియా పోలెండు దేశపు కాథలిక్కు. ఆ ఇంటికి రాకపోకలు సాగించిన రచయిత అక్సాకోవ్, అక్కడి పిల్లల పెంపకంలో ఫ్రెంచికి చోటు దొరికిన వైనాన్ని నవ్వుతూ వ్రాశారు. చివరకు ఆయన రూపాన్ని మనకు అందించినది ఒక ఆంగ్లేయుడు. కోటగోడ ఎంత ఎత్తుగా కట్టినా, వంటింటి కిటికీలోనుండి పొరుగు గాలి వస్తూనే ఉండినది.

మన తెలుగువారికి ఈ కథ వినగానే మరొక కథ జ్ఞప్తికి వచ్చియుండును. పీటర్స్‌బర్గ్ గోష్ఠి వెలసిన సరిగా నూరేండ్లకు, 1911లో, మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడినది. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికానికి, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికానికి నాయకులై సాగించిన వాదం మన పెద్దలు చెప్పగా విన్నదే. రెండు వాదాలూ ఒకటి కావు. అక్కడ తగాదా ముఖ్యంగా మాటలు ఎక్కడినుండి తేవాలన్నది. ఇక్కడ తగాదా ముఖ్యంగా వాక్యం ఏ రూపంలో ఉండాలన్నది. కాని ఒక్క భేదాన్ని మాత్రం ప్రత్యేకించి చెప్పుకోవాలి. వ్యాకరణ పాండిత్యంలో ఎవరికీ తీసిపోని గిడుగువారు, కొండలలోని సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. రామయ్య పంతులుగారి పరిషత్తు ప్రారంభించిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇరు పక్షాలవారికీ నేటికీ ఆధారమే. తలుపులు తెరిచిన పనులు నిలిచినవి.

మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాలలో తరచుగా రెండు రకాలవి కనబడతాయి. ఒకే ప్రసంగం విని, భాష మరీ సంస్కృతమయం, మా అమ్మగారికి అర్థం కాలేదని ఒకరు వ్రాస్తారు. భాష మరీ సంతలో మాటలవలె ఉన్నది, పిల్లలు చెడిపోతారని మరొకరు వ్రాస్తారు. రెండు ఉత్తరాలనూ మేము పదిలంగా దాచుకొంటాము. రైలును ధూమశకటమని అనిపించాలని పూర్వం కొందరు పట్టుబట్టారు. జనం రైలు అనే అన్నారు. టెలిగ్రామును ఎవరూ పట్టుబట్టకుండానే జనం తంతి అన్నారు. 2013లో మన దేశంలో ఆ సేవయే అంతరించినది, మాట మాత్రం పెద్దల నోట మిగిలియున్నది. ఏ మాట బ్రతుకుతుందో ముందుగా చెప్పగలవాడు లేడు. మన చేతనైనది ఒక్కటే: మంచి మాటను వినిపించడం. తీసుకొనేదీ మానేదీ వినేవారు.

షిష్కోవ్ 1841లో, ఎనుబదియేడవ యేట, చూపు దాదాపు పోయిన స్థితిలో మరణించారు. ఆయన ఇరువదియెనిమిదేండ్లు ఏలిన రష్యన్ అకాడమీ ఆయనతోనే ముగిసినట్లయినది. అదే సంవత్సరం దానిని విజ్ఞానశాస్త్రాల అకాడమీలో ఒక శాఖగా కలిపివేశారు. ఆ తరువాత ఇరువది యేండ్లకు, 1861లో, రష్యాలో దాస్యం రద్దయినది.

ఆయన నివసించిన నగరానికి కూడ పేరు విషయంలో ఒక కథ ఉన్నది. 1914లో జర్మనీతో యుద్ధం రాగానే, పీటర్స్‌బర్గ్ అనే పేరులో జర్మన్ ధ్వని ఉన్నదని దానిని పెత్రొగ్రాద్ అని రష్యన్ చేశారు. షిష్కోవ్ ఉండియుంటే సంతోషించేవారేమో. 1924లో అది లెనిన్‌గ్రాద్ ఐనది. 1991లో ఏ పేరు కావాలని పౌరులను అడిగారు. వారు ఆ పరాయి ధ్వనిగల పాత పేరునే కోరుకొన్నారు. తరతరాలు పలికి, ప్రేమించి, దుఃఖపడిన తరువాత అది వారికి పరాయిది కాలేదు.

ఆ నగరంలోనే, ఆ నది ఒడ్డుననే, వృద్ధ నౌకాసేనాపతి ముఖం నేటికీ పటంలో నిలిచియున్నది. ఆయనను చూచి నవ్విన యువకుల బిడ్డల బిడ్డలకు బిడ్డలు ఆ చిత్రశాలకు వస్తారు; ఆయన వలదన్న మాటలతోనే ఆయనను గూర్చి మాట్లాడుకొంటారు. వారు తమ భాషను పోగొట్టుకోలేదు. అందులో కొంత ఋణం, ఒప్పుకొన్నా ఒప్పుకోకపోయినా, పాతరను త్రవ్వి చూడుమని చెప్పిన ఈ వృద్ధునికి చెందవలసినదే.